ఖాళీ వదిలిన పై గొంతు

రేడియో కట్టేసిన దగ్గర ఆగాం కదా.

కిరాణా సరుకులకని నేనూ మా ఒనైడా వదినా ట్రక్కులో బయల్దేరాం. వంతెన దాటుతుండగా రేడియోలో టాకెట్ వాళ్ళ కొత్త పాట వచ్చింది. 'తలుపు గడియ వేయకు.' మా మామగారు బతికుండగా కట్టిన పాట. ఊరూరా అదే మోగుతోందని విని మురిసిపోవడమే గానీ, అంతవరకూ మా చెవిన పడలేదు. మా లోయలోకి ఆ స్టేషను అందదు. రికార్డు పంపమంటే డెల్మర్ బావగారేమో రేపూ మాపూ అంటూ నెట్టుకొచ్చారు. వదిన ముందు నవ్వుతూ వింది. తర్వాత తల వంచి వింది. రెండో చరణం సగంలో మీట తిప్పేసి, "ఆ పై గొంతు నాది కాదు మోజెల్" అంది. ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది. అప్పట్నుంచి సమాధుల ఆదివారం దాకా మళ్ళీ పెదవి విప్పలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వాళ్ళ కోసం రెండు ముక్కలు. టాకెట్ వాళ్ళు ముగ్గురు. పెద్దవాడు డెల్మర్ బావగారిది నడి గొంతు, పాటను మోసేది ఆయనే. చిన్నవాడు, నన్ను కట్టుకున్న పుణ్యాత్ముడు కోయ్, కింది గొంతు పాడతాడు, మాండొలిన్ వాయిస్తాడు. మధ్యది ఒనైడా వదిన, పై గొంతు. ఒక్క మైకు ముందు ముగ్గురూ తలలు దగ్గర పెట్టి పాడితే ఏ గొంతు ఎవరిదో పోల్చుకోవడం కన్నతల్లి తరం కూడా కాదు. రక్తం ఒకటైతే తప్ప గొంతులు అలా అతకవని మా కెంటకీ కొండల్లో అందరూ అంటారు. నాది వేరే రక్తం గనక స్టేజీ పక్కన బల్ల వేసుకుని ఫొటోలూ పాటల పుస్తకాలూ అమ్ముతాను. పాట రాకపోయినా చెవి ఉంది నాకు. నన్ను కుదురుగా ఉండనివ్వనిదీ ఆ చెవే. రేడియోలో ఆ పరాయి గొంతు అన్నదమ్ముల గొంతులకి అచ్చం వదిన గొంతులాగే అతుక్కుంది. అదెలా?

సమాధుల ఆదివారం అంటే మే నెల చివరి ఆదివారం. ఆ రోజు మా లోయలో పొయ్యి వెలిగించినవాళ్ళని నేను చూడలేదు. పారలు, తిండి బుట్టలు, మైనంలో ముంచిన కాగితం పూలు మోసుకుని అందరూ తమ తమ వాళ్ళ సమాధుల మీదికి ఎక్కుతారు. గడ్డి పీకి, మట్టి ఎగదోసి, పూలు గుచ్చి, పాట పాడి, అక్కడే తిని దిగుతారు. టాకెట్ వాళ్ళ సమాధులు కొండ భుజం మీద, మా చిన్న ప్రార్థన గుడి పక్కన. ఆ రోజు గాలి తిక్కగా వీస్తోంది. మబ్బు పట్టింది గానీ వాన రాదు, పోదు.

వదిన మా అత్తగారి సమాధి మీద గడ్డి పీకడం మొదలుపెట్టి సగంలో వదిలేసింది. మామగారి సమాధి దగ్గరికి పోయి పార పట్టుకుంది, అదీ పడేసింది. కోయ్ రాతి గోడ మీద కూర్చుని, సరిగ్గానే ఉన్న మాండొలిన్‌కి మళ్ళీ శ్రుతి చేస్తున్నాడు. అక్కకి ఏదో అయిందని తెలుసు, ఏమైందో తెలీదు. నన్ను అడిగితే నేను వేయించిన కోడి మీద మూత సర్దుతున్నాను.

"ఏమే మోజెల్, ఆ దుప్పటి నీకేం పాపం చేసింది? ఎన్నిసార్లు దులుపుతావు దాన్ని?" అంది క్లియో అత్త.

క్లియో అత్త మా మామగారి చెల్లెలు. చెవుడు అంటుంది గానీ తన మీద మాట పడితే మాత్రం కొండ అవతల అన్నా వినపడుతుంది. కుర్చీ తెప్పించుకుని సమాధుల మధ్య కూర్చుని అందరికీ పనులు పురమాయిస్తోంది.

"అవునే, ఈ యేడు పసుపు పూలేవి?" అంది ఉన్నట్టుండి, మామగారి రాయి వైపు చూస్తూ.

నేనూ చూశాను. లేవు. మామగారు పోయిన దగ్గర్నుంచి ఏటా మేం వచ్చేసరికే ఆ రాయి కింద పసుపు పూల గుత్తి ఒకటి ఉండేది. మైనం పూలే, కానీ మా లోయలో ఎవరికీ రానంత సన్నటి పని. ఎవరు పెడతారో తెలీదు. మామగారు ఎన్నిస్ టాకెట్ పాటల మాస్టారు. కొండకి ఇవతలా అవతలా ఏ గుడి రమ్మంటే ఆ గుడికి పోయి, అక్కడే ఉండి పదిమందికీ పాట నేర్పి వచ్చేవాడు. ఏ శిష్యుడో పెడుతున్నాడు లెమ్మనుకునేవాళ్ళం.

"పెట్టేవాళ్ళు కూడా పోయారేమో పాపం" అంది అత్త.

డెల్మర్ బావగారు అప్పుడు వచ్చారు. నాష్‌విల్ నుంచి నేరుగా, కొత్త బూట్లతో, బురదలో ఆచితూచి అడుగులేస్తూ. చేతిలో కారు తాళాలు గలగలలాడుతూనే ఉన్నాయి. ఆ మనిషికి సంతోషమొచ్చినా తాళాలే, భయమేసినా తాళాలే.

"శనివారం!" అని అంత దూరం నుంచే అరిచారు. "వచ్చే శనివారం రేడియో వేదిక మీద మన పాట! నాన్న గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగొచ్చిన చోటు. దేశమంతా వింటుంది రా కోయ్!"

కోయ్ గోడ మీద నుంచి దూకాడు. నా గుండె కూడా ఎగిరింది, అబద్ధమెందుకు. ఆ వేదిక కోసమే కదా బస్సులో పడుకుని, మురుగు నీళ్ళ లాంటి కాఫీ తాగి, సంతల్లో, స్కూళ్ళలో, వేలంపాటల దగ్గర పాడుకుంటూ తిరిగింది. కానీ వదిన వైపు చూశాక నా నోరు మూతపడింది.

బావగారు అందరి మొహాలూ చూశారు. "ఏంటి? ఎవరైనా పోయారా?"

సమాధుల మధ్య నిలబడి అడగాల్సిన ప్రశ్నేనా అది.

"పోయారు" అంది వదిన. ఇన్నాళ్ళకి వచ్చిన మొదటి మాట. "నేనే పోయాను. నువ్వూ తమ్ముడూ అమ్మ సమాధి దగ్గర నిలబడి నాన్న పాట పాడండి. పై గొంతు ఖాళీ వదిలేయండి. నన్ను ఎలా పూడ్చారో నేనూ వింటాను."

కోయ్ చేతిలో మాండొలిన్ జారబోయింది. మా లోయలో ఒక పద్ధతుంది. పాడే మనిషి పోతే, ఆ తర్వాత వచ్చే మొదటి సమాధుల ఆదివారం ఆ మనిషి గొంతు ఎవరూ అందుకోరు. మిగతావాళ్ళు ఎవరి గొంతు వాళ్ళు పాడుకుపోతారు, ఆ చోటు ఖాళీగా ఉండిపోతుంది. మా అత్తగారు పోయాక ముగ్గురూ ఆమె గొంతు ఖాళీ వదిలి అలాగే పాడారు. తిండి బుట్టలో మొహం పెట్టుకుని ఏడ్చాను నేను. అలాంటిది, బతికున్న మనిషి తనకే అడుగుతోంది.

"మతి పోయిందా నీకు? బతికున్నదానికి ఖాళీ వదలడమేంటి, అరిష్టం!" అన్నారు బావగారు.

"నా పేరు పెట్టి వేరేదాన్ని పాడించినప్పుడు గుర్తు రాలేదా అన్నయ్యా, ఈ అరిష్టం?"

తాళాల చప్పుడు ఆగిపోయింది.

"ఏంటక్కా? ఎవర్ని పాడించారు?" అన్నాడు కోయ్.

"నీ పక్కన నిలబడినవాణ్ణి అడుగు. రికార్డు చేసిన రోజు నువ్వు పాడేసి ఇంటికొచ్చేశావు, నేను ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేశాను. అక్కడ మిగిలింది ఈయనొక్కడే."

బావగారు బొంకుతారనుకున్నాను. బొంకలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

"అవును. పాడించాను" అన్నారు. "ఏం చేయమన్నావు? ఆ రోజు నీ గొంతు పలికిందా? 'ఆలస్యమైనా వస్తాను' అన్న చోట 'వస్తాను' ఎన్నిసార్లు విరిగిందో నువ్వే చెప్పు. బయట మెట్ల మీద కూర్చుని 'నా గొంతు పోయిందన్నయ్యా' అని ఏడ్చింది నువ్వా, నేనా? వేరే పిల్ల పాడాలి, లేకపోతే పాట చెత్తబుట్టలోకి అన్నారు రికార్డు కంపెనీ వాళ్ళు. నాన్న పాట చెల్లీ! చెత్తబుట్టలో పడుతుంటే చూస్తూ ఊరుకోనా?"

"నాకు చెప్పాలి కదా!"

"ఏ మొహంతో చెప్పను?"

"ఇదే మొహంతో! 'బాగా వచ్చింది లేవే, ఇంటికి పోయి తేనె తాగు' అని ఇదే మొహంతో చెప్పలేదూ? తాగాను. చలికాలమంతా తాగాను. తేనె తాగాను, అల్లం నమిలాను, క్లియో అత్త కాచిన ఆ దిక్కుమాలిన సారా కూడా పుక్కిలించాను..."

"నా సారాని ఏమీ అనకు" అంది అత్త.

"ఆవు పాలు పితుకుతూ కూడా కూనిరాగం తీయలేదు నేను. ఉన్న కాస్త గొంతూ ఖర్చయిపోతుందేమో, శనివారం కచేరీలకి దాచుకోవాలి, ఆ పాట జోలికి మాత్రం పోకూడదు అని నోరు కుట్టుకుని కూర్చున్నాను. నువ్వేమో అప్పటికే దాన్ని పాతిపెట్టి వచ్చావు. పాడండి. పాడరేం?"

సరిగ్గా అప్పుడు, పొద్దుట్నుంచి ఊరించిన వాన ఒక్కసారిగా మీద పడింది. పూలు, బుట్టలు, అత్త, అత్త కుర్చీ, అన్నీ పట్టుకుని గుడిలోకి పరిగెత్తాం. తగవుల మధ్యలో వాన రావడం మంచిదే అనుకున్నాను, చల్లబడతారని. ఎక్కడ చల్లబడతారు? తలుపు మూయగానే వదిన మళ్ళీ మొదలుపెట్టింది.

"కోయ్, శ్రుతి పెట్టు."

కోయ్ అన్న వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చివరికి అక్క మాటే విన్నాడు. పోయి మూలనున్న, కాలితో తొక్కే హార్మోనియం ముందు కూర్చున్నాడు. అది మా మామగారి ప్రాణం. ఏదో ఊళ్ళో వరదకి మునిగిన గుడిలోంచి బండి మీద తెచ్చుకుని, ఆరబెట్టి, బాగు చేసుకున్నది. టాకెట్ పిల్లలు పాట నేర్చింది దాని ముందే. ఎక్కడికి బయల్దేరినా కోయ్ ముందు ఇక్కడికొచ్చి దానికి మాండొలిన్ తీగలు కలుపుకుంటాడు. ఇక ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ఆ శ్రుతి చెవిలో పెట్టుకుని మోస్తాడు. ఒక్క వెంట్రుక తేడా రాదు. వేరేవాళ్ళతో కలిసి వాయించే అలవాటు మావాళ్ళకి లేదు, ఆ అవసరమూ రాలేదు.

అన్నదమ్ములు పాట ఎత్తుకున్నారు.

తలుపు గడియ వేయకు, దీపం ఆర్పకు, దారి పొడుగైనా ఆలస్యమైనా వస్తాను అని ఒక మగవాడు పెళ్ళానికి చెప్పే పాట అది. మా అత్తగారు పోయేదాకా ఆ ఇంటి తలుపుకి రాత్రిళ్ళు గడియ వేయలేదు. దొంగలొస్తారే అంటే, 'మీ మామ నా కోసం పాట కట్టాడమ్మా, ఎలా వేస్తాను' అనేది. అలాంటి పాట ఇప్పుడు పై గొంతు లేకుండా సాగుతోంది. నడి గొంతు పైకి చూస్తోంది, పైన ఎవరూ లేరు. బావగారి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, ఆయన తుడుచుకోలేదు. వదిన గోడకి ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దోపుకుని వింటోంది. అడుగు మార్చి అడుగు వేస్తోంది.

'ఆలస్యమైనా' దాకా వచ్చారు. ఆ తర్వాతి మాట దగ్గర అన్నదమ్ములిద్దరూ తలలు వంచారు.

"వస్తాను" అంది వదిన గొంతు.

అనాలని అన్నది కాదు. ఆ ఖాళీని చూస్తూ ఓర్చుకోలేక దూకేసింది, అంతే. కానీ ఆ మాట నిండుగా పైకి లేచి, ఎక్కడా విరగకుండా, ఆగాల్సిన చోట ఆగింది. కోయ్ హార్మోనియం తొక్కడం ఆపేశాడు.

 

"ఇంకోసారి" అన్నారు బావగారు.

ఇంకోసారి పాడారు, ఈసారి ముగ్గురూ. మళ్ళీ అంత నిండుగానే వచ్చింది. వదిన తన గొంతు మీద తనే చేయి పెట్టుకుని బిత్తరపోయి చూస్తోంది.

"ఈ గొంతు పోయిందన్న వెధవ ఎవడు?" అంది క్లియో అత్త.

బావగారు కోటు జేబులోంచి చిన్న గుండ్రటి పీక తీశారు. ఊదితే ఏ స్వరం కావాలంటే ఆ స్వరం ఇస్తుంది, నాష్‌విల్‌లో పాటగాళ్ళందరి జేబుల్లోనూ ఉంటుంది. ఊదారు. "కోయ్, ఇదే స్వరం హార్మోనియం మీద నొక్కు" అన్నారు. కోయ్ నొక్కాడు. నాలాంటిదానికి కూడా తెలిసిపోయింది. రెండూ కలవలేదు. హార్మోనియం బాగా కిందికి పలికింది.

"నీ పీక చెడిపోయింది" అన్నాడు కోయ్ వెంటనే.

"వాళ్ళ పియానో కూడా ఇదే పలికింది రా."

"అయితే వాళ్ళ పియానో..." అనబోయి కోయ్ ఆగిపోయాడు. మొహంలో రంగు మారింది. "అన్నయ్యా. ఆ రోజు పియానోకి కలుపుకోమన్నారు కదా. తీగలన్నీ బిగించాల్సి వచ్చింది. ఆగస్టు కదా, బస్సులో ఎండకి వదులయ్యాయి కాబోలు అనుకున్నాను."

"అన్ని తీగలూనా? ఒకే లెక్కనా?" అంది వదిన.

"వాళ్ళ పియానోయే కాస్త పైకి పోయిందేమో అని కూడా అనుకున్నా. పోనీలే, వాళ్ళిల్లు వాళ్ళిష్టం అని కలిపేశాను."

"ఒరేయ్! నాకొక్క మాట చెప్పొద్దూ!"

"నాన్న హార్మోనియం తప్పు పలుకుతుందని కల్లో కూడా అనుకుంటానా అక్కా? నువ్వనుకున్నావా?"

ఎవరం అనుకున్నాం? వరదనీళ్ళు తాగి కిందికి దిగిపోయిన ఆ పాత పెట్టె శ్రుతే లోకం శ్రుతి అనుకుని ఆ ముగ్గురూ పెరిగారు. పట్నంలో పాట ఒక మెట్టు పైకి జరిగింది. మగవాళ్ళ గొంతులకి ఇంకా చోటుంది కాబట్టి వాళ్ళకి తెలీలేదు. వదిన అప్పటికే మునివేళ్ళ మీద నిలబడి చూరు అందుకుంటున్న మనిషి. చూరునే జానెడు పైకి జరిపేశారు. పాపం, చలికాలమంతా తన చేతులే పొట్టివైపోయాయని కుమిలిపోయింది.

వదిన ముందు నవ్వింది. నవ్వుతూనే కోయ్ నెత్తి మీద టోపీ తీసి దానితోనే వాణ్ణి బాదింది. బాదుతూ బాదుతూ ఏడ్చేసింది. నేను వెళ్ళి పట్టుకున్నాను. నా భుజం మీద తల పెట్టి, "నా గొంతు ఉందే మోజెల్. ఉందే" అంది. ఆ మాట విని నేనూ ఏడ్చాను. సంతోషంతో ఏడవడం ఆ ఇంటికోడలిగా నాకు అరుదు, అందుకని కరువుతీరా ఏడ్చాను.

"అయితే ఇంకేం" అన్నాడు కోయ్, టోపీ సర్దుకుంటూ. "శనివారం మన శ్రుతిలోనే పాడదాం. వాళ్ళ పియానో మూసేసుకోమందాం."

బావగారు బెంచీ మీద కూలబడ్డారు. తాళాలు మళ్ళీ గలగలలాడటం మొదలైంది.

"ఏంటన్నయ్యా?" అంది వదిన.

"శనివారం ఆ పిల్ల వస్తోంది" అన్నారాయన నేల చూస్తూ. "రికార్డులో ఏ గొంతుంటే వేదిక మీద అదే ఉండాలట. జనం పట్టేస్తారట. నీ పేరుతో, నీ గౌను లాంటిది కుట్టించి నిలబెడతామన్నారు. నువ్వు ఒంట్లో బాలేదని ఇంట్లో ఉండాలి. అది నీకు చెప్పి ఒప్పించడానికే వచ్చాను ఈ రోజు."

"ఒప్పుకోకపోతే?"

"ఇంకో రికార్డు లేదు. వేదికా లేదు."

తిడుతుందనుకున్నాను. వదిన తిట్టలేదు. నిదానంగా వెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"ఎవరన్నయ్యా ఆ పిల్ల? కొనుక్కొచ్చిన గొంతు మీ ఇద్దరికీ అలా ఎలా అతుక్కుంది? అది నేను కాదని తెలుసుకోవడానికి నాకే ఒక చరణం పట్టింది. నా గొంతు నాకు!"

"నాకూ అర్థం కాలేదు చెల్లీ. కంపెనీ వాళ్ళు తెచ్చారు. రోవీనా అట, కొండకి అవతల, వర్జీనియా వైపు. పాట ఒక్కసారి కూడా వినిపించక్కర్లేదంది. మనం ఎక్కడ ఊపిరి తీస్తామో తనూ అక్కడే తీసింది. భయమేసింది నాకు. అందుకే ఎక్కువ అడగలేదు."

వాన వెలిసింది. ఎంత గబుక్కున వచ్చిందో అంత గబుక్కున పోయింది. సమాధులు ఎంత తడిశాయో చూద్దామని నేను తలుపు తీశాను.

రాతి గోడ అవతల పాత కారు ఒకటి ఆగి ఉంది. బురద చక్రాలు దాటి తలుపుల దాకా కొట్టింది. సమాధుల మధ్య ఒక అమ్మాయి నడిచి వస్తోంది. నా కంటే చిన్నది. బూడిద రంగు గౌను మోకాళ్ళ దాకా తడిసిపోయింది. చేతిలో పసుపు పూల గుత్తి ఉంది, సన్నటి మైనం పని.

ఎటూ చూడకుండా, ఎవర్నీ అడగకుండా, నేరుగా మా మామగారి రాయి దగ్గరికే వెళ్ళింది. దారి తెలిసినట్టే ఉంది నడక. వంగి పూలు పెట్టింది.

నా వెనకాల బావగారు గుమ్మం దాకా వచ్చారు. "ఈ రోవీనా ఇక్కడేంటి! నేను పిలవలేదు. ఒట్టు, నేను పిలవలేదు ఒనైడా."

వదిన ఆయన్ని పక్కకి తోసి బయటికి నడిచింది. వెనక మేమందరం. క్లియో అత్త కుర్చీ కూడా మర్చిపోయి వచ్చింది.

"నువ్వా ఏటేటా ఈ పూలు పెట్టేది?" అంది అత్త.

"అవునండీ. మా అమ్మ చేస్తుంది" అంది ఆ పిల్ల. మాట్లాడే గొంతు కూడా మెత్తగా, కాస్త పైకి ఉంది. "ఏటా మీరు రాకముందే పెట్టి వెళ్ళిపోతాను. ఈసారి మీరు ఉన్నప్పుడే రావాలనుకున్నాను." తర్వాత వదిన వైపు తిరిగింది. ఎవరూ చెప్పకుండానే ఎవరో పోల్చుకుంది. "ఒనైడా గారూ, శనివారం నేను రాను. అది చెబుదామనే వచ్చాను. రికార్డు మీద మీ పేరు వేస్తారని నాకు చెప్పలేదు, దుకాణంలో చూసి తెలుసుకున్నాను. మీ పేరు పెట్టుకుని నేను పాడలేను."

బావగారి తాళాలు బురదలో పడ్డాయి. వదిన మొహంలో కోపం ఎక్కడికి పోవాలో తెలీక తచ్చాడింది. ఇన్నాళ్ళూ తిట్టుకున్న మనిషి వచ్చి ఎదురుగా నిలబడి ఇంత మర్యాదగా మాట్లాడితే ఏం చేస్తారు ఎవరైనా.

"మరి ఏ పేరు పెట్టుకుని పాడతావు?" అంది చివరికి.

"నాకున్న పేరుతోనండీ."

"ఏంటది?"

ఆ అమ్మాయి మామగారి రాయి మీద వానకి చిందిన మట్టిని బొటనవేలితో తుడిచింది. ముందు ఎన్నిస్ అన్న పేరు బయటపడింది, పక్కన ఇంటిపేరు. ఆ ఇంటిపేరు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది.

"ఇదేనండీ. మీకున్నదే. మీ నాన్నగారు మా అమ్మని మా ఊరి గుడిలో పెళ్ళి చేసుకుని ఇచ్చారు."

క్లియో అత్త నా చేయి పట్టుకుంది. ఆ పట్టుకి నా గాజు లోపలికి దిగింది.

"అబద్ధం" అన్నాడు కోయ్. గట్టిగా అనలేదు.

ఆ పిల్ల వాడితో వాదించలేదు. వదిననే చూస్తోంది. "మీ గొంతు బాగోలేదని మీ పాట నాచేత పాడించారనుకుంటున్నారు కదండీ. నాకు అది చిన్నప్పట్నుంచీ వచ్చు. ఆయన కొండ దాటి వచ్చిన రాత్రి మా వంటింట్లో కూర్చుని కట్టారు, మా అమ్మ కోసం. ఆ పాటలో ఉన్న తలుపు మా ఇంటిది."

మామగారి రాయి పక్కనే, మూరెడు దూరంలో, మా అత్తగారు పడుకుని ఉంది. సగం పీకిన గడ్డి ఇంకా ఆమె మీదే ఉంది.

వదిన ఒక్క అడుగు జరిగి, తల్లి సమాధికీ ఆ పిల్లకీ మధ్య నిలబడింది.

"మెల్లిగా మాట్లాడు" అంది. "అమ్మ వింటుంది."